టెస్ట్ పరికరాల్లో ఈఈప్రామ్ అరగకుండా చూసుకోవడం

బెంగళూరు పీణ్యలోనో ఎలక్ట్రానిక్స్ సిటీలోనో రాత్రింబవళ్లు నడిచే బర్న్-ఇన్ బెంచ్‌లో (కొత్త సరుకును గంటల తరబడి నడిపి పరీక్షించే చోట) ఒక పవర్ సప్లై ఆన్ చేయగానే చెక్‌సమ్ ఎర్రర్ (దాచిన డేటా చెడిందన్న సూచన) చూపిస్తోందా? దాచిన సెట్టింగులు నిలవడం లేదా? బోర్డు విప్పేముందు, కంప్యూటర్ నుంచి పరికరానికి కమాండ్లు పంపే మీ స్క్రిప్ట్ తెరవండి. అది అదేపనిగా మెమరీలో రాయిస్తుండవచ్చు.

కరెంటు పోయినా సెట్టింగులను నిలిపే మెమరీ చిప్పే ఈఈప్రామ్. అందులో ఒక్కో చోట లక్షసార్లు రాయవచ్చన్నది సాధారణ హామీ. కొన్ని చిప్పులకు పది లక్షలు. సెకనుకోసారి రాస్తే ఆ లక్ష 28 గంటల్లో అయిపోతుంది, నిమిషానికోసారి అయితే 69 రోజుల్లో. చేత్తో నాబ్ తిప్పేవాళ్లకు పదేళ్లయినా రాని తిప్పలు లూప్‌కు శని, ఆదివారాల్లోనే వస్తాయి. చదివితే అరగదు. రాసినప్పుడల్లా పల్చటి ఆక్సైడ్ పొరలో కొన్ని ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి, అరుగుదల అదే.

ఏ కమాండ్ మెమరీలో రాస్తుందో ఇలా పట్టుకోండి. లోడ్ తీసేసి, కంప్యూటర్ నుంచి వోల్టేజీ మార్చి, పది సెకన్లు ఆగి ప్లగ్ పీకండి. మళ్లీ ఆన్ చేసినప్పుడు కొత్త విలువే ఉంటే అది ఎక్కడో నిలిచినట్టే. ఈసారి మార్చిన వెంటనే పీకి చూడండి. పాత విలువ వస్తే, పరికరం కాస్త ఆగి రాస్తోందన్నమాట. అయితే పాత పరికరాల్లో బ్యాటరీతో నడిచే ర్యామ్ ఉండొచ్చు. దానికి రాతల అరుగుదల లేదు, బ్యాటరీ గడువే చూసుకోవాలి.

స్క్రిప్ట్‌లో మొదటి దొంగ *ఎస్‌ఏవీ (*SAV), అంటే అప్పటి సెట్టింగులను మెమరీలో దాచే కమాండ్. దాన్ని లూప్‌లోంచి తీసేసి, సెట్టింగులన్నీ కంప్యూటర్‌లోని ఫైల్‌లో ఉంచి, ప్రతిసారీ పంపండి. నాలుగు కమాండ్లు ఎక్కువైతే వచ్చే నష్టమేమీ లేదు. రెండోది ఎవరూ అనుమానించనిది: *పీఎస్‌సీ 0 (*PSC 0), అంటే ఆన్ చేసినప్పుడు స్టేటస్ సెట్టింగులను చెరపొద్దని చెప్పే కమాండ్. కొన్ని పవర్ సప్లైల్లో ఇది పెట్టాక *ఈఎస్‌ఈ (*ESE), *ఎస్‌ఆర్‌ఈ (*SRE) అనే స్టేటస్ సెట్టింగు కమాండ్లు పంపినప్పుడల్లా మెమరీలో ఒక రాత పడుతుంది. *పీఎస్‌సీ 1 పెట్టి, ఆ రెండూ ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారి పంపితే చాలు. "ఆపినప్పటి స్థితిలోనే మొదలవు" అనే ఆప్షన్ అవసరం లేకపోతే ఆపేయండి.

మోడ్‌బస్‌పై (పారిశ్రామిక పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) నడిచే టెంపరేచర్ కంట్రోలర్లది ఇంకో కథ. ర్యాంప్ కోసం, అంటే ఉష్ణోగ్రతను మెల్లగా మార్చడానికి, సెట్‌పాయింట్‌ను (చేరాల్సిన ఉష్ణోగ్రత) సెకనుకోసారి మారిస్తే కొన్ని మోడళ్లు ప్రతి మార్పునూ ఈఈప్రామ్‌లో రాస్తాయి. మాన్యువల్‌లో ర్యామ్ రైట్ మోడ్ (ఈఈప్రామ్‌కు బదులు తాత్కాలిక మెమరీలో రాసే పద్ధతి) ఉందేమో చూడండి. లేకపోతే ర్యాంప్‌ను కంట్రోలర్‌కే అప్పగించండి. ఏదైనా సరే, విలువ నిజంగా మారినప్పుడే పంపండి.

కరెంటు పోయే క్షణంలో రాత నడుస్తుంటే అది సగంలో ఆగుతుంది. ఒక పేజీ (చిప్ ఒకేసారి రాసే డేటా ముక్క) రాయడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే బెంచ్‌కు యూపీఎస్ కావాలి.

కాలిబ్రేషన్ (పరికరం కొలతలను సరిచేసే అంకెలు) కూడా ఆ చిప్‌లోనే ఉండొచ్చు కాబట్టి, బాగున్నప్పుడే కాపీ తీసిపెట్టుకోండి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ప్రోగ్రామర్ (చిప్‌ను చదివి రాసే పరికరం) కొంటే ముందు దాని డేటా లైన్ల వోల్టేజీ కొలవండి. సీహెచ్341ఏ (CH341A) అనే నల్ల ప్రోగ్రామర్ బోర్డుల్లో చాలావాటికి 5 వోల్టులు వస్తాయి, 3.3 వోల్టుల చిప్‌కు అది ప్రమాదం. క్లిప్‌తో బోర్డు మీదే చదివితే మిగతా సర్క్యూట్ కూడా కరెంటు లాగి తప్పులు రావచ్చు. రెండుసార్లు చదివి పోల్చండి. తేడా వస్తే చిప్ ఊడదీసి చదవండి.