నవల మీద పేపర్ రాస్తున్నారా, ముందు ప్రశ్న చిన్నది చేసుకోండి

చెన్నైలో తెలుగు ఎంఏ చేసేవాళ్ళకి ఒక మాట, ఎవరూ అడగలేదనుకోండి, అయినా చెప్తా. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల ‘మాలపల్లి’ తీసుకుని ‘మాలపల్లిలో కులం’ అని టాపిక్ పెట్టుకుంటే మునిగిపోయినట్టే, అది పేపర్ కాదు పీహెచ్‌డీ, నేనూ అలాగే పెట్టుకుని నెల రోజులు ఊరికే నోట్స్ రాశా. అదే ‘వెంకటదాసు ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పంచే తక్కెళ్ళ జగ్గడుగా మారడాన్ని నవల సమర్థిస్తోందా, జాలిపడి వదిలేస్తోందా’ అని అడిగితే ఏ సీన్లు చదవాలో వాటంతటవే తేలిపోతాయి.

మొదటిసారి కథ కోసం చదివేయండి, రెండోసారి మాత్రం ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పనికొచ్చే ప్రతి వాక్యాన్నీ పేజీ నంబర్‌తో, ఏ ఎడిషనో దాంతో సహా చీటీ మీద రాసుకోండి. ఎడిషన్ మారితే పేజీలు మారతాయి, సబ్‌మిషన్ ముందు రోజు రాత్రి అవన్నీ వెతుక్కోవడం ఉంది చూశారూ, పగవాడిక్కూడా వద్దు.

ఇంకోటి, మాలపల్లిని నిషేధించింది అప్పటి మద్రాసు ప్రభుత్వమే కదా, ప్రెసిడెన్సీ కాలం నాటి రికార్డులు ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నిషేధం కోణం తీసుకునేవాళ్ళు గైడ్ దగ్గర లెటర్ రాయించుకుని, పర్మిషన్ ఎలాగో ముందే కనుక్కుని వెళ్ళండి. కన్నెమరా లైబ్రరీ కూడా ఎగ్మోర్‌లోనే, ఒకే ట్రిప్‌లో రెండూ అయిపోతాయి.

ఇంట్రో మాత్రం చివర్లో రాయండి.