ఒళ్లు వెచ్చబడిన రోజు: మహమ్మారి వేళ మానసిక రోగిని ఇంట్లో కాపాడుకోవడం, మూడో పాఠం

ముందుగా గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. మీ సంరక్షణలో ఉన్న మనిషికి మామూలు రోజు ఎలా గడుస్తుందో ఏడు రోజుల పాటు నోటుపుస్తకంలో రాయమన్నాం. ‘బాగానే ఉన్నాడు’, ‘ఎప్పటిలాగే’ అని రాసుకున్నవారు మళ్లీ మొదటి నుంచి రాయాలి. ఎన్ని గంటలకు లేచాడు, ఎంత తిన్నాడు, కాలవ గట్టు మీదికి ఎన్నిసార్లు వెళ్లాడు, ఎన్ని చుట్టలు కాల్చాడు, తనలో తాను ఏ వేళ మాట్లాడుకున్నాడు అనే వివరాలు అందులో ఉండాలి. ఈ రోజు పాఠమంతా ఆ పుస్తకం మీదే నడుస్తుంది.

లేని మాటలు వినబడటం, అకారణ అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న మనిషి చాలాసార్లు ‘నాకు జ్వరంగా ఉంది’ అని చెప్పడు. నొప్పిని, నలతను ఇతరులకు చెప్పుకోవాలన్న చొరవ ఆ జబ్బులో తగ్గిపోతుంది. చెప్పినా, దానికి తన జబ్బు నేర్పిన అర్థాన్నే చెబుతాడు. దగ్గర నుంచి చూడటానికి ఒక లంక గ్రామంలోని ఇంటిని ఊహించుకుందాం. నలభై అయిదేళ్ల కొడుకు, డెబ్బై దాటిన తల్లి. కొడుకు పదేళ్లుగా స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడుతున్నాడు. రోజూ తెల్లవారి రేవుకు వెళ్లి, మొదటి పంటు అవతలి ఒడ్డుకు చేరేదాకా నిలబడి, చుట్ట ముగించి ఇంటికి వస్తాడు. ఒక రోజు మధ్యాహ్నం కంచం పక్కకు నెట్టి, కూరలో ఏదో కలిపారని, అందుకే రుచీ వాసనా చచ్చిపోయాయని తల్లి మీద విరుచుకుపడ్డాడు. ఆమె భయపడి ఆశ కార్యకర్తకు ఫోను చేసింది.

“మళ్లీ తిరగబెట్టిందమ్మా వీడికి. అన్నంలో మందు పెట్టానంటున్నాడు.”

“పెద్దమ్మా, పొద్దున్న రేవుకి వెళ్లాడా అండి?”

“రెండ్రోజులైంది వెళ్లి. పడుకునే ఉంటున్నాడు.”

“చుట్ట?”

“వెలిగించట్లేదమ్మా. వాసనే లేదంటాడు.”

ఆశ కార్యకర్త అడిగిన రెండు ప్రశ్నలూ జబ్బు గురించి కావు, అలవాటు గురించి. ఒళ్లు చూస్తే 101 డిగ్రీల జ్వరం ఉంది. కోవిడ్ వల్ల రుచీ వాసనా పోవడాన్ని అతని మనసు విషప్రయోగంగా చదువుకుంది. తల్లి దాన్ని పాత జబ్బుగా చదివింది. ఆమె తప్పేమీ లేదు, పదేళ్ల అనుభవం ఆమెకు అలాగే నేర్పింది. అందుకే ఈ పాఠంలో నేర్చుకోవలసిన మొదటి పని ఇది: ప్రవర్తనలో హఠాత్తుగా మార్పు కనిపిస్తే, మానసిక జబ్బు ముదిరిందని నిర్ణయించే ముందు థర్మామీటరు పెట్టి చూడాలి.

పెట్టే పద్ధతి కూడా ఉంది. అనుమానపు స్వభావం ఉన్న మనిషి చంకలోకి కొత్త వస్తువును హఠాత్తుగా చొప్పించకూడదు. ముందు మీరు మీ చంకలో పెట్టుకుని, అంకె చదివి, పుస్తకంలో మీ పేరు పక్కన రాసి, ఆ తరువాత అతని చేతికివ్వండి. చంకలో వచ్చే కొలత నోటిలో వచ్చేదానికన్నా కొంచెం తక్కువగా ఉంటుందని గుర్తుంచుకోండి. నోటి కొలత 100.4 దాటితే దాన్ని జ్వరంగానే లెక్కించాలి. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటరుదీ ఇదే దారి. వేలు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా అంకె తప్పు చూపుతుంది కాబట్టి చేతులు రుద్దించి, ఒక నిమిషం కదలకుండా ఉంచి చదవాలి. 94 కన్నా తగ్గితే ఇంటి వైద్యం ఆపి 108కి ఫోను చేయాలి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే వారానికోసారి ఈ కొలతలు ఆటలా తీసుకుంటూ ఉంటే, జబ్బు రోజున ఆ వస్తువులు అతనికి కొత్తగా అనిపించవు.

ఇంత చాదస్తం అవసరమా అని అడిగేవారికి రెండు సంగతులు చెప్పాలి. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రుల సముదాయంలో కోవిడ్ సోకిన 7,348 మంది పెద్దలను పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, వయసు తదితర కారణాలను సర్దుబాటు చేశాక కూడా, స్కిజోఫ్రీనియా కోవకు చెందిన జబ్బులున్నవారికి మరణం ముప్పు సుమారు 2.7 రెట్లు ఉన్నట్టు తేలింది. ముప్పు పెంచే కారణాల్లో వయసు తరువాతి స్థానం దానిదే. రెండోది దక్షిణ కొరియాలోని చోంగ్డో ప్రాంతం సంగతి. అక్కడి ఆసుపత్రి మూసి ఉంచిన మానసిక వార్డులో 2020 ఫిబ్రవరిలో వందకు పైగా ఉన్న రోగుల్లో దాదాపు అందరికీ వైరస్ సోకింది. ఆ దేశంలో కోవిడ్ తొలి మరణం ఆ వార్డులోని రోగిదే. గాలి ఆడని గది, ఏళ్ల తరబడి కదలిక లేని శరీరం, పక్కపక్కనే పడకలు కలిసి ఆ పని చేశాయి.

ఇక మందుల సంగతి. ఇక్కడ తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి నిదానంగా చదవండి.

క్లోజపిన్ వాడేవారిలో కొద్దిమందికి తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయిస్తారు. ఈ మందు వాడే మనిషికి జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే, అది కోవిడే అయి ఉంటుందని ఊరుకోకుండా అదే రోజు రక్తకణాల లెక్క చేయించి, మందు రాసిన వైద్యుడికి తెలపాలి. అయితే భయంతో మీ అంతట మీరు మందు ఆపకండి. 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టడం ప్రమాదం. 12.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు నుంచి తిరిగి పెంచుకుంటూ రావాలి, అది వైద్యుడు చూసుకోవలసిన పని.

ఈ మందుకూ చుట్టకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. లంక పొగాకు పండే నేల మీద దీన్ని చెప్పకుండా వదలలేను. పొగలోని పదార్థాలు కాలేయాన్ని చురుకు చేసి క్లోజపిన్‌ను వేగంగా ఖర్చు చేయిస్తాయి, కాబట్టి చుట్ట తాగే మనిషికి వైద్యుడు ఎక్కువ మోతాదు రాసి ఉండవచ్చు. జ్వరం వల్లనో, విడిగా ఉంచడం వల్లనో చుట్ట ఆగిపోతే, వారం తిరగకుండానే అదే మోతాదు రక్తంలో అతిగా పేరుకుంటుంది. ఒంట్లోని వాపు, ఇన్ఫెక్షను కూడా ఆ మట్టాన్ని పెంచుతాయి. మన లంక ఇంటి కొడుకు విషయంలో రెండూ ఒకేసారి జరిగాయి. లేపినా లేవనంత నిద్ర, దిండు తడిసేంత జొల్లు, నడకలో తూలు, మలబద్ధకం కనిపిస్తే ‘జ్వరం నీరసం’ అని సరిపెట్టుకోకూడదు. చుట్ట ఎప్పుడు ఆగిందో తేదీతో సహా వైద్యుడికి చెప్పాలి. చుట్ట మానడం మంచిదే, కానీ వైద్యుడికి తెలిసేలా మానాలి. పొగాకు లేకుండా నికోటిన్ గమ్ నమిలినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఇక్కడ పని చేసేది నికోటిన్ కాదు, పొగ.

మనసు అతిగా పొంగి, మళ్లీ కుంగిపోయే జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు కథ వేరు. అది ఒంట్లోని నీటితో ముడిపడి ఉంటుంది. మన డెల్టాలో ఉక్కపోతకే మనిషి చెమటతో తడిసిపోతాడు, దాని మీద జ్వరం, వాంతులు, విరేచనాలు కలిస్తే నీరూ ఉప్పూ తగ్గి లిథియం విషంగా మారుతుంది. చేతుల వణుకు పెరగడం, మాట ముద్దకట్టడం, తూలడం మొదలైతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక్కడే మన ఊళ్ల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ఒళ్లు వెచ్చబడగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి, పని తొందరగా అవుతుందని నొప్పుల ఇంజెక్షను వేయించుకుంటాం. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి లిథియం మట్టాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. రోగి వాడే మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం మందుల సంచికి పిన్నుతో గుచ్చి ఉంచండి, ఇంజెక్షను వేసే చేయి ఎవరిదైనా ముందు ఆ కాగితం చూడాలి.

అరుదైనదే అయినా మరొక జ్వరం ఉంది. మానసిక జబ్బు మందుల వల్లనే వచ్చే ఆ జ్వరంలో ఒళ్లు కట్టెలా బిగుసుకుపోతుంది, చెమట ధారగా కారుతుంది, మనిషికి మతి స్థిమితం తప్పుతుంది. జ్వరం ఉన్న ప్రతి మనిషి మోచేతినీ ఒకసారి మెల్లగా వంచి చూడండి. వంగకుండా బిగుసుకుని ఉంటే ఆలస్యం చేయకుండా 108ని పిలవాలి.

విడిగా ఉంచడం గురించి అడిగే ప్రశ్న ఒకటే: గడియ పెట్టాలా? వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది బయటపడలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. వసారాలో కిటికీ పక్కన మంచం వేసి, తిరగడానికి పెరటి కొబ్బరి చెట్ల దాకా హద్దు చెప్పి, ఆ హద్దును రోజూ ఒకే మాటతో గుర్తు చేయడమే మేలు. రేవు వైపు చూసే మంచం అయితే అతను ఇంకా తేలికగా కుదురుకుంటాడు.

మందుల నిల్వ గురించి ఒక్క మాట. 2020 ఆగస్టులో కోవిడ్ నడుస్తుండగానే ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరవేశారు. లంకల వారికి ఒకేసారి రెండు ఆపదలు. కాబట్టి జూన్ ముగిసేలోగా నెల రోజుల మందులు అదనంగా, నీరు చొరని డబ్బాలో ఉండాలి. మూడు నాలుగు వారాలకోసారి ఇంజెక్షను తీసుకునేవారు తదుపరి తేదీని గోడ క్యాలెండరు మీద గుండ్రం చుట్టి, పంటు ఆగిపోతే ఆ ఇంజెక్షను ఎక్కడ వేయించాలో ఏఎన్‌ఎంతో ముందే మాట్లాడుకోవాలి. వైద్యుడు అందని రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం అభ్యాసం: మీ నోటుపుస్తకంలోని ఏడు రోజుల నుంచి, ఆ మనిషి ఏ పరిస్థితుల్లోనూ మానని మూడు పనులను ఎంచుకుని పుస్తకం అట్ట లోపల రాయండి. ఆ మూడింటిలో రెండు ఒకే రోజు తప్పితే జ్వరం చూడాలని ఇంట్లో అందరికీ, ఇరుగుపొరుగులో ఒకరికి చెప్పండి. అట్ట వెనుక మందుల పేర్లు, మోతాదులు, రోజుకు ఎన్ని చుట్టలు లేక బీడీలు తాగుతాడో రాయండి. నాలుగో పాఠంలో మాస్కు వేసుకోననే మనిషితో ఎలా మాట్లాడాలో చూసేటప్పుడు ఈ పుటలు మీ చేతిలో ఉండాలి.