సీరియల్ రైటర్ అవ్వాలంటే మొదట మాటలు రాయండి

సినిమాకి బాగా రాసే చెయ్యి సీరియల్‌కి పనికొస్తుందని గ్యారంటీ ఏమీ లేదు. తెలుగు డైలీ సీరియల్ ఎక్కువగా సోమవారం నుంచి శనివారం దాకా వస్తుంది, అరగంట స్లాట్‌లో యాడ్స్ పోను 20 నిమిషాల పైచిలుకు కథ నడపాలి, అదీ ఒక్కోసారి ఏళ్ల తరబడి. టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని విడివిడిగా పేర్లు పడతాయి కదా, కొత్తవాళ్లు దూరగలిగే సందు ఆ మాటలే, అంటే డైలాగులే. హైదరాబాద్‌లో ఎవరైనా డైలాగ్ రైటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి.

దానికంటే ముందు, ఒక ఎపిసోడ్ చూస్తూ ప్రతి సీన్ ఎక్కడ జరిగింది, ఎవరున్నారు, కొత్తగా ఏం తెలిసింది అని రాసుకోండి. చాలావరకు ఒకే ఇంటి హాలు, వంటిల్లు, మెట్లు. లొకేషన్ మారితే ఖర్చు మరి! అత్తగారు తలుపు చాటున సగం మాట వింటుంది, అక్కడితో ఆ రోజు ఎపిసోడ్ కట్. మనం నవ్వుకుంటాం గానీ జనాన్ని రేపటిదాకా ఆపేది అదే.

ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్క చెప్పే బార్క్ సంస్థ రేటింగులు ప్రతి గురువారం వస్తాయి. పడిపోతే ఛానల్ నుంచి ఫోన్, రాసిన ట్రాక్ (కథలో ఒక పాయ) గల్లంతు, చచ్చిన పాత్ర కూడా లేచి రావచ్చు.

రైటర్ నుంచి నిర్మాత అవ్వాలనుకుంటే మాత్రం అది వేరే లెక్క. ఛానల్ ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తుంది, ఆర్టిస్టుల పేమెంట్లు, షూటింగ్ ఇంటి అద్దె, యూనిట్ భోజనాలు అన్నీ అందులోనే, పైగా ముందు పెట్టేది మన డబ్బే. కాబట్టి రైటర్‌గా ఉన్నప్పుడే ప్రొడక్షన్ మేనేజర్‌తో స్నేహం చేసి బిల్లులు చూడండి. మీ రేటు, టైటిల్ కార్డులో పేరు మాత్రం మొదటి సీన్ ఇచ్చే ముందే కాగితం మీద పెట్టించుకోండి.