డేటా వేగం లెక్కలు, మూడవ పాఠం: మెగాబిట్ల నుంచి మెబీబైట్లకు

గత పాఠంలో బిట్టుకూ బైటుకూ మధ్య ఉన్న ఎనిమిది రెట్ల తేడాను నేర్చుకున్నాం. అక్కడ ఇచ్చిన అభ్యాసానికి సమాధానం ఇది: సెకనుకు 100 మెగాబిట్ల లైను సెకనుకు 12.5 మెగాబైట్లను మోస్తుంది. అయినా అదే వేగం గల ఈథర్నెట్ లైను మీద ఒక విండోస్ కంప్యూటర్ నుంచి మరొకదానికి పెద్ద ఫైలును పంపితే, కాపీ విండోలో కనిపించే అంకె 11.3 దగ్గరే ఆగిపోతుంది. ఈ తగ్గుదలలో కొంత నిజంగా ఖర్చయిన వేగం, మిగిలినది కొలమానం మారడం వల్ల కనిపించే తేడా మాత్రమే. ఈ రెండింటినీ విడదీసి లెక్కించడమే నేటి పాఠం.

మెగా అంటే శాస్త్రీయ కొలతల్లో 10 లక్షలు. కంప్యూటర్ మెమరీ మాత్రం 2 ఘాతాల లెక్కన పెరుగుతుంది కనుక, 1000కి దగ్గరగా ఉన్న 1024ను కిలో అనీ, 1024ను 1024తో గుణిస్తే వచ్చే 10,48,576ను మెగా అనీ పిలవడం అలవాటైంది. పాత తులం 11.66 గ్రాములైతే నేటి బంగారం కొట్లలో తులమంటే 10 గ్రాములైనట్టే, ఇక్కడా ఒకే పేరుకు రెండు పరిమాణాలు ఏర్పడ్డాయి. ఈ గందరగోళాన్ని తొలగించడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024 లెక్కన వచ్చే పరిమాణాలకు కిబి, మెబి, గిబి అనే వేరే పేర్లను ఆమోదించింది. అంటే మెబీబైటు 10,48,576 బైట్లు, మెగాబైటు 10 లక్షల బైట్లు. విండోస్ నేటికీ మెబీబైట్లలో లెక్కించి దానికి మెగాబైట్లని పేరు పెడుతుంది. ఆపిల్ మాక్ 2009 నుంచి ఫైళ్ల పరిమాణాన్ని దశాంశ పద్ధతిలోనే చూపుతోంది. (1.44 మెగాబైట్ల ఫ్లాపీది ఇంకా విచిత్రం. అందులోని మెగా 1000ని 1024తో గుణించిన సంఖ్య, అంటే రెండు పద్ధతులకూ చెందనిది.)

లైను వేగాన్ని చెప్పేటప్పుడు మాత్రం ఈ సందిగ్ధత లేదు. గిగాబిట్ ఈథర్నెట్ అంటే సెకనుకు సరిగ్గా 100 కోట్ల బిట్లు, యూఎస్‌బీ 2.0 వారి 480 మెగాబిట్లంటే 48 కోట్ల బిట్లు. టెలిఫోన్ శాఖలవారు వాడే ఈ1 లైను వేగం 2.048 మెగాబిట్లని చూసి అది ద్విసంఖ్యా కొలత అనుకునేవారున్నారు, కానీ అది సెకనుకు 64,000 బిట్ల చొప్పున 32 మార్గాల మొత్తం, అంటే 20,48,000 బిట్లు, కనుక శుద్ధ దశాంశమే.

మార్పిడికి నేను సూచించే పద్ధతి ఒక్కటే: ఏ పేరు కనిపించినా ముందు దాన్ని విడి బిట్లుగా విప్పి, ఆ తరువాతే కావలసిన ప్రమాణంలోకి మార్చాలి. 100 మెగాబిట్లను విప్పితే 10,00,00,000 బిట్లు. 8తో భాగిస్తే 1,25,00,000 బైట్లు. దాన్ని 10,48,576తో భాగిస్తే 11.92 మెబీబైట్లు. 12.5 నుంచి 11.92కు తగ్గడంలో ఒక్క బైటు కూడా పోలేదు. అక్కడి నుంచి 11.3కు తగ్గడమే అసలు ఖర్చు: ఈథర్నెట్ లైను మీద ఒక నిండు ఫ్రేము (ఒక విడతలో పంపే డేటా ముక్క) 1538 బైట్ల కాలాన్ని తీసుకుంటే, చిరునామా, క్రమం వంటి వివరాలను మోసే సాధారణ టీసీపీ శీర్షికలు, ఫ్రేము సొంత అదనపు బైట్లు పోగా మన డేటా అందులో 1460 బైట్లే, ఆ నిష్పత్తితో 11.92ను గుణిస్తే 11.32 వస్తుంది.

పద్ధతి చేతికి వచ్చాక దగ్గరదారి వాడవచ్చు. మెగాబిట్లను 0.1192తో గుణిస్తే మెబీబైట్లు, మెబీబైట్లను 8.3886తో గుణిస్తే మెగాబిట్లు వస్తాయి. స్థాయి పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి: కిలో దగ్గర 2.4 శాతం, మెగా దగ్గర 4.86, గిగా దగ్గర 7.37, టెరా దగ్గర 9.95.

కాలం లెక్కలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. విండోస్ 4 గిగాబైట్లని చూపే ఫైలులో నిజానికి 4,29,49,67,296 బైట్లు, అంటే 34,35,97,38,368 బిట్లు ఉంటాయి. శీర్షికల ఖర్చును పక్కనపెడితే 100 మెగాబిట్ల లైను మీద అది చేరడానికి 343.6 సెకన్లు పడుతుంది. పేరును నమ్మి దశాంశ గిగాబైట్లుగా లెక్కిస్తే 320 సెకన్లే వస్తుంది.

అభ్యాసం: సెకనుకు 40 మెబీబైట్లు చదివే డిస్కుకు ఎన్ని మెగాబిట్ల లైను సరిపోతుంది? శీర్షికల ఖర్చు లేదనుకుంటే, ఒక టెబీబైట్ (1024 గిబీబైట్ల) బ్యాకప్ గిగాబిట్ లైను మీద ఎంతసేపు పడుతుంది? రెండింటినీ ముందు విడి బిట్లుగా విప్పి, ఆ తరువాత దగ్గరదారితో సరిచూసుకోండి. సమాధానాలు నాలుగవ పాఠం మొదట్లో ఉంటాయి.