గట్టు కింద ఫ్రిజ్ బిగిద్దాం – 3వ పాఠం: గూడు, గాలిదారి

పోయిన పాఠంలో వంటింటి గట్టు కింద, ఫ్రిజ్ కూర్చునే గూటిలో ఎత్తు మూడు చోట్ల, వెడల్పు మూడు చోట్ల కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ప్రతి మూడు అంకెల్లోనూ చిన్నదే మనకు లెక్క. మిగతావి కొట్టేయండి.

గట్టు కింద పెట్టే బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌లు చాలావరకు 60 సెంటీమీటర్ల వెడల్పు, 82 ఎత్తు, కనీసం 55 లోతు ఉన్న గూటికి సరిపడేలా వస్తాయి. కాళ్లు తిప్పితే ఇంకో ఐదు సెంటీమీటర్ల దాకా పైకి లేస్తాయి గానీ, 82 కన్నా కిందికి దిగవు. ఇవి యూరప్ మాడ్యులర్ కిచెన్ల కొలతలు. మన గట్టు లెక్క వేరు. మామూలు గట్టు 34 అంగుళాలు అనుకుందాం, అంటే 86.4 సెంటీమీటర్లు. పైన గ్రానైట్‌కి 2, దాని కింద కడప బండకి రెండున్నర తీసేయండి. మిగిలేది 81.9. మిల్లీమీటరు తేడాతో ఫ్రిజ్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది! పైగా గ్రానైట్ ముందు అంచుకి అతికించిన పట్టీ కిందికి దిగి ఉంటే ఎత్తు అక్కడే కొలవాలి, లోపల కాదు.

కొత్తగా కట్టుకునేవాళ్లు మేస్త్రీకి ముందే చెప్పి గట్టు ఇంకో అంగుళం లేపించుకుంటే గొడవ లేదు. గట్టు ఉన్నవాళ్లు పొట్టి మోడల్ వెతుక్కోవాలి. బండని గ్రైండర్‌తో కింద నుంచి చెక్కించే పని మాత్రం పెట్టుకోకండి. గూటి మేరకు టైల్స్ పీకేస్తే ఎత్తు కలిసొస్తుందని కూడా కొందరంటారు. వంటిల్లు కడిగిన నీళ్లన్నీ ఆ గుంటలోనే నిలుస్తాయి.

వెడల్పులో ఇంకో చిక్కుంది. మన గట్టు నిలువు కడప బండల మీద కూర్చుంటుంది. రెండు బండల మధ్య రెండడుగులు, అంటే 61 సెంటీమీటర్లు కనపడగానే సరిపోయింది అనుకుంటాం. కానీ ఫ్రిజ్‌ని కదలకుండా పట్టే స్క్రూలు రాతిలోకి దిగవు, చెక్క కావాలి. అందుకని రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక నిలబెడతాం. అది పోగా మిగిలేది 57.4. కాబట్టి బండకీ బండకీ మధ్య కనీసం 64 సెంటీమీటర్లు కావాలి. ప్లైవుడ్ ఐఎస్ 710 రకం, అంటే నీళ్లకి తట్టుకునేదే తీసుకోండి. ఇక బండ జరపాల్సి వస్తే, ముందు కొత్త చోట ఆధారం నిలబెట్టి, ఆ తర్వాతే పాతది తీయాలి. గట్టు బరువంతా వాటి మీదే ఉంది.

మూలమట్టం పెట్టి గూటి మూలలు చూడండి. మూలమట్టం లేకపోతే గూటి ముఖానికి ఐమూలగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు టేపు పట్టండి. ఎదురెదురు వైపులు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ ఒకటే అయితే మూలలు సరిగ్గా ఉన్నట్టే. నేల వాలుని రసమట్టంతో చూసి, ఎటు పల్లమో పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి. ఫ్రిజ్ కాళ్లు తిప్పేటప్పుడు అది పనికొస్తుంది.

ఇక అసలు విషయం, గాలి.

ఫ్రిజ్ లోపలి వేడిని తోడి బయటికి పారబోస్తుంది. దానికి తోడు దాని మోటారు తిన్న కరెంటు కూడా వేడిగానే బయటికొస్తుంది. ఆ వేడి పోయే దారి లేకపోతే, తన వేడిలో తనే ఉడుకుతూ రాత్రీ పగలూ ఆడుతుంది. హాల్లో విడిగా పెట్టుకునే సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని గట్టు కిందికి తోసేయకూడదనేది ఇందుకే. చాలావాటిలో వేడి గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, చేయి పెడితే తెలిసిపోతుంది. వాటికి పక్కన ఖాళీ కావాలి. గట్టు కింద కోసం చేసినవి మాత్రం కాళ్ల దగ్గర ముందు వైపు నుంచే గాలి పీల్చి, అక్కడే వదిలేలా ఉంటాయి.

మా ఇంట్లో నేను చేసిన తప్పు చెబుతాను. కప్‌బోర్డుల కింద నేలని ఆనుకుని ఉండే స్కర్టింగ్ పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మైకాతో, ఒక్క అతుకు లేకుండా వేయించాను. చూడముచ్చటగా ఉందని ఫొటోలు కూడా తీశాను. నాలుగో రోజుకి ఫ్రిజ్ మోత ఆగడం లేదు. పక్క పలక పెనంలా వెచ్చగా ఉంది. తోడుపెట్టి లోపల పెట్టిన పెరుగు పులిసిపోయింది. కంపెనీ వాళ్లని తిట్టుకుంటూ వంగి చూస్తే, తప్పు నా స్కర్టింగ్‌ది. స్క్రూడ్రైవర్‌తో పలక ఊడదీశాను. సాయంత్రానికి ఫ్రిజ్ నిమ్మళించింది.

ఎంత సందు వదలాలి? చాలా మాన్యువల్స్ కనీసం 200 చదరపు సెంటీమీటర్లు అడుగుతాయి. మీ మోడల్ ఎక్కువ అడిగితే అదే ఖాయం. ఫ్రిజ్ ముందు స్కర్టింగ్ పలక బదులు గాలి ఆడే జాలీ పెడతాం. స్కర్టింగ్ ఎత్తు 10, గూటి వెడల్పు 60 అనుకుంటే జాలీ మొత్తం 600. దాని కమ్మీలు సగం మూసేస్తే 300 మిగులుతుంది, చాలు. అదే స్కర్టింగ్ 5 సెంటీమీటర్లే ఉంటే 150కి పడిపోతుంది, చాలదు. జాలీ కొనేటప్పుడు బయటి కొలత కాదు, రంధ్రాల లెక్క చూడాలి. బొద్దింకలు దూరతాయని వెనక దోమతెర కొట్టకండి. నెల తిరక్కుండా పిండి దుమ్ము, నూనె జిడ్డు పట్టి అదే గోడైపోతుంది. జాలీ మాత్రం చేత్తో లాగితే వచ్చేలా ఉంచుకోండి, పాత పెయింట్ బ్రష్‌తో దులపొచ్చు.

ఫ్రిజ్ లోపల, కూరగాయల ట్రే దగ్గర అతికించిన రేటింగ్ ప్లేట్ మీద ఎన్, ఎస్‌టీ, టీ అని ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. అది వాతావరణ తరగతి. ఎన్ అంటే గది వేడి 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ 38, టీ 43. రెంటచింతల, రామగుండం ఎండల్లో స్టవ్ వెలిగించిన వంటిల్లు ఎలా ఉంటుందో మీకే తెలుసు. టీ ఉన్నది తప్ప వేరేది కొనొద్దని నా మాట. స్టవ్ కిందే గూడు పెట్టాలనుకునేవాళ్లు కూడా ఇక్కడే మనసు మార్చుకోండి. కనీసం ఒక కప్‌బోర్డు దూరం జరపండి.

ఈ వారం పని: జాలీ బిగించాక ఫ్రిజ్ ఇంకా పెట్టకముందే వంటింటి ఫ్యాన్ ఆపి, అగరుబత్తి వెలిగించి జాలీ ముందు పట్టుకోండి. చేత్తో విసిరితే పొగ అడ్డు లేకుండా లోపలికి పోవాలి. తర్వాత టార్చిలైటు వేసి గూటి వెనక గోడ చూడండి. అక్కడ ప్లగ్ పాయింట్ ఉంటే కాగితం మీద గుర్తు పెట్టుకోండి. వెనక ప్లగ్ దూర్చితే ఫ్రిజ్ మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకి తన్నుకొస్తుంది, తర్వాత ప్లగ్‌ని ఊడదీయడానికి చేయి కూడా పట్టదు. ఆ ప్లగ్ పాయింట్‌ని పక్క కప్‌బోర్డులోకి ఎలా మార్చాలో నాలుగో పాఠంలో.