చెవితో మోర్స్ – 3వ పాఠం: కందుకూరు, మార్కాపురం

పొట్టి, పొడుగు శబ్దాలతో ఇంగ్లీషు అక్షరాలు పంపే పద్ధతి మోర్స్. పోయిన పాఠంలో చెక్కముక్క మీద రంపం బ్లేడు బిగించి, బజర్‌నూ 9 వోల్టుల బ్యాటరీనీ కలిపి, నొక్కితే బీప్ మోగే కీ తయారుచేసుకున్నాం. ఈ, టీ, ఐ, ఎం, ఏ, ఎన్ అనే ఆరు అక్షరాలు కొట్టడం నేర్చుకున్నాం. కొట్టడం ఎవరికైనా త్వరగానే పట్టుబడుతుంది. చాలామంది ఆగిపోయేది వినడం దగ్గరే. అందుకని ఇవాళ కీ పక్కన పెట్టేయండి. నోరు, చెవి ఉంటే చాలు.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి, మీరు అది చేయకూడదు కాబట్టి. నేను మోర్స్‌ని కళ్లతో నేర్చుకున్నాను. చుక్కలు, గీతల పట్టిక ఒకటి గోడకు అంటించుకుని, ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టాను. బీప్ వినగానే మనసులో చుక్కలు గీసుకోవడం, వాటిని లెక్కపెట్టడం, పట్టికలో ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకోవడం, అప్పుడు అక్షరం రాసుకోవడం. నిమిషానికి ఐదు పదాల దాకా ఇది నడిచింది. నేను హామ్ లైసెన్సు, అంటే సరదాగా సొంతంగా రేడియో నడిపేవాళ్లకిచ్చే లైసెన్సు, పరీక్ష రాసినప్పుడు అందులో జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది పదాలు అందుకోవాలి. ఆ వేగంలో ఒక అక్షరం లెక్కపెట్టేలోపు తర్వాతి రెండూ వెళ్లిపోయాయి. మొదటిసారి తప్పాను. ఆ పట్టికను మర్చిపోవడానికి, దాన్ని నేర్చుకోవడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. ఈ పాఠాల్లో ఎక్కడా చుక్కలు, గీతలు గీసి చూపించనిది అందుకే.

మరి దేన్ని పట్టుకుని నేర్చుకోవాలి? నాకు దారి దొరికింది కావలిలో మా ఇంటి వసారాలో. మా అన్న కూతురు తెలుగు పరీక్షకు చదువుకుంటూ, అటూ ఇటూ నడుస్తూ, గణాలు గుర్తుపెట్టుకునే సూత్రం యమాతారాజభానసలగం అని పదేపదే అంటోంది. నేను లోపల ఇయర్‌ఫోన్స్ తీసి ఆ మాట విన్నాను. అది నాకు మోర్స్‌లాగే వినిపించింది.

మోర్స్‌ని నోటితో చెప్పేటప్పుడు పొట్టి శబ్దాన్ని డి అనీ, పొడుగు శబ్దాన్ని డా అనీ అంటాం. పలికి చూడండి. డి లఘువు, డా గురువు. వేరే పోలిక అక్కర్లేదు. ఇప్పుడు ఆ మాట మొత్తాన్ని డి, డాల్లో చెప్పండి: డి డా డా డా డి డా డి డి డి డా. బడిలో గణాలు ఎలా తీసేవాళ్లమో గుర్తుందిగా? ఒక్కో అక్షరం జరుపుకుంటూ మూడేసి తీసుకోవడం. అదే చేద్దాం. యమాతా, డి డా డా, ఇది డబ్ల్యూ. మాతారా, మూడూ డాలే, ఓ. తారాజ జీ. రాజభా కే. జభాన ఆర్. భానస డీ. నసల ఎస్. సలగం యూ.

ఎనిమిది గణాలు, ఎనిమిది అక్షరాలు. మోర్స్‌లో మూడు శబ్దాలున్న అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే. మూడు చోట్లలో ఒక్కోచోట డి గానీ డా గానీ పెడితే ఎనిమిది రకాలే వస్తాయి కాబట్టి రెండు లెక్కలూ కలిశాయి. కానీ మనకు కలిగే మేలు లెక్కలో లేదు. భగణం నడక, జగణం నడక వేరని తెలుగు చదువుకున్న చెవికి ఎప్పుడో తెలుసు. కొత్తగా నేర్వాల్సింది ఆ నడకకున్న ఇంగ్లీషు పేరు ఒక్కటే.

ఒక తేడా మాత్రం ఇప్పుడే సరిచేసుకోవాలి. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు. మోర్స్‌లో డా మూడు డిలంత పొడుగు. కాబట్టి తారాజ అన్నప్పుడు తా, రా రెండింటినీ మామూలుగా పలికే దానికంటే కొంచెం సాగదీయండి. అక్షరంలోని శబ్దాల మధ్య ఒక డి అంత ఖాళీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, పదానికీ పదానికీ మధ్య ఏడు. నిమిషానికి 12 పదాల వేగంలో డి సెకనులో పదో వంతు. కొత్తవాళ్లు వేగం తగ్గించాలని డాలను మరీ సాగదీస్తారు, దాంతో నడక పాడవుతుంది. అక్షరాన్ని ఎప్పుడూ గబుక్కున పలకండి, తర్వాత ఎంతసేపైనా ఆగండి. ఫోన్లో సాధన చేసే యాప్ ఉంటే అక్షర వేగం 15 పదాల దగ్గర పెట్టి, ఖాళీలు మాత్రం పెంచుకోండి.

ఇక నాలుగు శబ్దాలవి. అదే మాటలో నాలుగేసి తీసుకుంటే యమాతారా జే, తారాజభా క్యూ, రాజభాన సీ, జభానస ఎల్, భానసల బీ, నసలగం వీ. మధ్యలో మాతారాజ దగ్గర ఇంగ్లీషు అక్షరం లేదు, వదిలేయండి. చివరి నాలుగూ వీ, చివరి మూడూ యూ అని గమనించారా? మన దేశపు హామ్‌ల కాల్‌సైన్లు, అంటే రేడియోలో వాళ్ల గుర్తింపు పేర్లు, వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. నసలగం, సలగం. రాత్రిపూట 40 మీటర్ల బ్యాండులో, 7 మెగాహెర్ట్జ్ దగ్గర, ఆ రెండూ వరసగా వినిపిస్తే పిలుస్తున్నది మన దేశం మనిషి.

నాలుగు శబ్దాల దగ్గర గణాల పేర్లు నోటికి అంత సులువుగా రావు. అక్కడ నాకు మా వైపు ఊళ్లు సాయం చేశాయి. కందుకూరు అనండి. కం గురువు, దు లఘువు, కూ గురువు, రు లఘువు. డా డి డా డి. అది సీ. మార్కాపురం అనండి. డా డా డి డా. అది క్యూ. రెండూ కలిపితే సీక్యూ, అంటే ఎవరైనా వింటున్నారా అని హామ్ ఆపరేటర్లు ప్రపంచమంతా వేసే పిలుపు. ఆ సంగతి తట్టిన రోజు వసారాలోంచి మా అన్న కూతుర్ని పిలిచి, ఆ రెండు ఊళ్ల పేర్లనూ కీ మీద కొట్టి వినిపించాను. రెండోసారికే తను నోటితో తిరిగి పలికింది. అప్పటికి తనకు మోర్స్‌లో ఒక్క అక్షరం కూడా రాదు.

తర్వాత తనే ఒక మాటంది. "చిన్నాన్నా, ఆత్మకూరు, వింజమూరు, ముత్తుకూరు, గిద్దలూరు, అన్నీ సీయే కదా!" నిజమే. ఊరు చివరనున్న పేర్లు డా డి అని ముగుస్తాయి. ముందు డా డి ఉంటే సీ, ఒక్క డా ఉంటే జీ. నెల్లూరు జీ, ఒంగోలు కూడా జీ. రెండూ తగణాలే. కావలి భగణం, అంటే డీ. సోమశిల బీ. జలదంకి, దగదర్తి రెండూ ఎఫ్. కృష్ణపట్నం వై, కొత్తపట్నం కూడా వై. పెన్నానది జెడ్. రామపురం ఎక్స్, ఆ పేరుతో మీకు దగ్గర్లోనే ఒక ఊరుంటుంది. పీకి మాత్రం నాకు ఊరు దొరకలేదు. సముద్రం అంటే డబ్ల్యూ కదా, దాన్ని సముద్రాలు చేస్తే డి డా డా డి, పీ. అలా సరిపెట్టుకున్నాను. మీ మండలంలో ఈ నడక ఉన్న ఊరుంటే దాన్నే పెట్టుకోండి, తెలిసిన పేరైతే చెవి త్వరగా పడుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువగా పనికొచ్చినవి పొదిలి, కనిగిరి, ఉదయగిరి. నన్ను పరీక్షలో ముంచింది ఈ చోటే. ఎస్ మూడు డిలు, హెచ్ నాలుగు, అంకె 5 ఐదు. వేగంగా వస్తే మూడూ ఒకే గుర్రు. లెక్కపెట్టేంత టైం ఉండదు. కానీ పొదిలినీ కనిగిరినీ ఎవరూ లెక్కపెట్టి గుర్తుపట్టరు. పొదిలి చటుక్కున తెగుతుంది, కనిగిరి జంటలు జంటలుగా దొర్లుతుంది, ఉదయగిరిలో ఇంకొక అడుగు పడుతుంది. ఈ మూడింటినీ యాప్‌లో కలగాపులగంగా పెట్టి, వినగానే ఊరి పేరు పైకి అనండి. రోజూ పది నిమిషాలు ఇది ఒక్కటే చేసినా సరే, తక్కినవి ఒకటి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు.

మా అన్న కూతురు ఇంకోటి కూడా అడిగింది. ఫోనుండగా ఇంత కష్టం ఎందుకని. 1989 నవంబరులో తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది. నేనప్పుడు చిన్నవాణ్ణి. తెల్లారి చూస్తే చెట్లు, స్తంభాలు, తీగలు అన్నీ నేల మీదే. పక్క ఊళ్లో వాళ్లు ఎలా ఉన్నారో మనిషి నడిచి వెళ్లి చూస్తేగానీ తెలియలేదు. అలాంటప్పుడు ఒక కారు బ్యాటరీ, ఒక తీగ, ఒక చిన్న రేడియో సెట్టు ఉంటే చాలు, మోర్స్ వెళ్తుంది. మాట పంపాలంటే రెండున్నర మూడు కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు నూటయాభై హెర్ట్జ్ సరిపోతుంది. ఉన్న కాస్త కరెంటూ ఆ సన్నటి దారిలోకే పోతుంది కాబట్టి మాట అర్థం కానంత గరగరలో కూడా బీప్ వినిపిస్తుంది. నేనీ పాఠాలు రాస్తున్నది ముఖ్యంగా తీరం ఊళ్ల పిల్లల కోసం.

ఊరి పేర్ల మీద ఎంతకాలం ఆధారపడాలి అంటే, తక్కువ కాలమే. బీప్ నుంచి ఊరికి, ఊరి నుంచి అక్షరానికి, ఇవి రెండు మెట్లు. నిమిషానికి పది పదాలు దాటాక రెండో మెట్టుకు టైం చాలదు. రోజూ వింటూంటే ఊరి పేరు దానంతటదే జారిపోయి, డా డి డా డి వినగానే చెయ్యి సీ అని రాసేస్తుంది. ఆ రోజు వచ్చినప్పుడు మళ్లీ పేర్లు గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించకండి. గోడ మీద పట్టికలాగా వీటిని కూడా రాసి అంటించుకోవద్దని నా మనవి.

ఈ వారం పని. ఆర్టీసీ బస్టాండులో ఒక అరగంట కూర్చోండి. వచ్చే ప్రతి బస్సు బోర్డు చదివి, ఊరి పేరును పెదవుల మీదే డి, డాల్లో చెప్పుకోండి. ఐదు శబ్దాలు దాటే పేర్లు వదిలేయండి. ఉలవపాడు, పొదలకూరు బస్సులు వస్తే మాత్రం వదలొద్దు. డి డి డి డా డి అంటే మోర్స్‌లో అర్థమైంది అని సంకేతం. ఇంటికొచ్చాక కీ తీసి ఇది కొట్టండి: కందుకూరు మార్కాపురం, కందుకూరు మార్కాపురం, కావలి, ఒక్క డి. సీక్యూ సీక్యూ డీఈ. డీఈ అంటే పిలుస్తున్నది ఫలానా అని. దాని తర్వాత రావాల్సింది కాల్‌సైన్, అది లైసెన్సు వచ్చాక. చివర రాజభా, అంటే కే, ఇక మీరు చెప్పండి అని.

వచ్చే పాఠం అంకెలు. ఉదయగిరి నుంచి మొదలుపెట్టి ముందుకూ వెనక్కూ వెళ్తాం.