రచ్చబండ వాదనలో మెలిక పట్టుకోవడం ఎలా

వాదన మొదలై ఐదు నిమిషాలు దాటితే ఒక్కసారి ఆగి చూసుకోండి. ఏ మాట మీద మొదలైంది, ఇప్పుడు ఏ మాట మీద నడుస్తోంది? రెండూ వేరైతే మధ్యలో మెలిక పడిందన్నమాట. కావాలనే పెట్టారని అనుకోనక్కర్లేదు. కోపంలో సగం మెలికలు తెలియకుండానే పడతాయి.

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట వైపు వినపడే తగువునే తీసుకుందాం.

"అన్నా, నీ రొయ్యల గుంటల ఊట దిగి నా గట్టు పక్క మడి చౌడు బారతా ఉంది."

"అయితే ఏంది, రొయ్యల సాగే మానుకోమంటావా? ఇంతమంది ఎట్ట బతకాల?"

"నేనట్ట అన్లా..."

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? పోయినేడు కాలవకి అడ్డకట్టేసి నీళ్లు మళ్లించుకోలా? ఊరంతా గుంటలు తవ్వతా ఉంటే నీకొక్కడికే వచ్చిందా కష్టం?"

నిమిషంలో మూడు మెలికలు. మొదటిది, అనని మాటను అన్నట్టు చేసి దాన్ని కొట్టడం. ఊట ఆపమన్నవాణ్ణి సాగు ఆపమన్నవాడిగా నిలబెట్టారు. ఇక్కడ జిల్లా బతుకుతెరువు గురించి మాట్లాడటం మొదలుపెడితే ఇక ఊట దగ్గరికి తిరిగి రాలేరు. "మానుకోమనలేదన్నా, ఊట వస్తోందా లేదా, అంతవరకే" అని మొదటి వాక్యాన్ని అదే మాటల్లో మళ్లీ చెప్పాలి. మాటలు మారిస్తే కొత్త సందు దొరుకుతుంది.

రెండోది గురివింద గింజ సామెత. నీ తప్పు చూసుకోమనడం. దీన్ని కాదనబోవడమే చాలామంది చేసే పొరపాటు. కట్ట వేశానా లేదా అన్నదానికే అరగంట పోతుంది. నిజమైతే వెంటనే ఒప్పుకోండి: "వేశాను, అది వేరే తగువు, రేపు దానికీ కూర్చుందాం. ఈరోజు ఊట సంగతి తేలుద్దాం." కట్ట వేసినవాడి మడిలోనూ చౌడు పట్టవచ్చు కదా. మూడోది, ఊరంతా చేస్తున్నారు కాబట్టి సరైనదేననడం. ఎంతమంది చేస్తున్నారన్నది ఊట దిగుతోందో లేదో చెప్పదు.

ఇలాంటి తగువు గొంతుతో తేలదు, మట్టితో తేలుతుంది. గుంట గట్టు నుంచి 5, 25, 50 మీటర్ల దూరాల్లో, ఒక్కో దూరంలో నాలుగైదు చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క అంచు నుంచి మట్టి గీకాలి. ఒక్కో దూరం మట్టిని విడిగా కలిపి, అరకిలో చొప్పున మూడు సంచుల్లో కట్టి, చీటీలు పెట్టి, ఇద్దరూ కలిసే భూసార పరీక్షకు పంపాలి. మట్టిలో ఉప్పు ఏపాటి ఉందో తెలిపే ఇ.సి. (విద్యుత్ వాహకత) అంకె చూడమని అడగాలి. గట్టు దగ్గర ఎక్కువగా ఉండి దూరం పోయేకొద్దీ తగ్గితే ఊట మీద అనుమానం బలపడుతుంది. అంతటా ఒకేలా ఉంటే కారణం పారే నీళ్లలోనో, మురుగు దిగకపోవడంలోనో వెతకాలి. ఎరువు చల్లిన వెంటనే మట్టి తీస్తే అంకె తప్పుతుంది.

ఇక ఒకే మాటకు రెండు అర్థాలు తీసే మెలిక. మన శాస్త్రాల్లో దీన్ని ఛలం అంటారు. నెల్లూరు ధాన్యం బేరాల్లో ఇది పుట్టి దగ్గర కనిపిస్తుంది. పుట్టంటే 850 కిలోలు. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,300, అంటే పుట్టికి 19,550. "పుట్టికి 20 వేలిస్తున్నా, మద్దతు ధర కంటే ఎక్కువే" అన్న మాట వినడానికి బాగుంటుంది. తరుగనీ తేమనీ చెప్పి 950 కిలోలు తూస్తే మాత్రం క్వింటాలుకు 2,105 మాత్రమే పడుతుంది. ధర అడిగే ముందు "నీ లెక్కలో పుట్టంటే ఎన్ని కిలోలు?" అని అడగాలి.

పొగాకు వేలం ధరల్లో మోసం చేసేది నిజమైన అంకే. పది బేళ్లు ఒకే బరువున్నాయి, రెండు కిలో 280కి, ఎనిమిది 200కి పోయాయనుకోండి. "280 పలికింది" అన్న మాట అబద్ధం కాదు, కానీ సగటు 216. పెద్ద అంకె వినపడగానే "ఎన్ని బేళ్లకు?" అనండి.

2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్‌కని ఇచ్చిన నాటుమందు కోసం జనం బారులు తీరినప్పుడు చాలా ఇళ్లలో నడిచిన వాదన: "వేసుకున్నోళ్లు కోలుకున్నారు కదా?" ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణం కాదు. అలా ఊరికే కలిసి రావడానికి కాకతాళీయమని మనకు ఎప్పటి నుంచో పేరుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం. కాగితం మీద నాలుగు గడులు గీయండి: వేసుకుని కోలుకున్నవాళ్లు, వేసుకుని కోలుకోనివాళ్లు, వేసుకోకుండా కోలుకున్నవాళ్లు, వేసుకోకుండా కోలుకోనివాళ్లు. కోవిడ్ వచ్చినవాళ్లలో అత్యధికులు ఎలాగూ కోలుకున్నారు కాబట్టి మూడో గడి నింపకుండా మొదటి గడి ఏమీ చెప్పదు. ప్రాణభయంతో క్యూలో నిలబడినవాళ్లను ఇందుకు తప్పుపట్టకూడదు. తేలాల్సింది మందు పనిచేసిందా అన్నదే.

రెండు జాగ్రత్తలు. మెలిక పట్టుకోగానే "ఇది ఛలం" అని పేరు పెట్టి ముఖాన కొట్టకండి. పెదనాన్న వయసు మనిషైతే ఆ మాటతోనే కొత్త తగువు మొదలవుతుంది. ప్రశ్న వేస్తే చాలు. రెండోది, వాదించిన తీరు తప్పైనంత మాత్రాన విషయం అబద్ధమైపోదు. మెలికలు పెట్టిన రొయ్యల రైతు గుంట నుంచి నిజంగానే ఊట రాకపోవచ్చు.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రం మాటల పోరును మూడుగా చెప్పింది. నిజం తేలాలని చేసేది వాదం, గెలవాలని చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. ఏది నడుస్తోందో తెలియాలంటే "ఏం చూపిస్తే నీ మాట మార్చుకుంటావు?" అని అడగాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే అక్కడితో లేచిపోవడం మంచిది. అడిగే ముందు మీ జవాబు మీరు చెప్పండి: "మూడు సంచుల్లోనూ ఉప్పు ఒకేలా వస్తే ఊట మాట వదిలేస్తానన్నా. గట్టు పక్కన ఎక్కువొస్తే మధ్యలో మురుగు కాలవ తవ్విస్తావా?"